కోడి, మూకుడు, నీటి లెక్క

పొద్దుగూకాక నరసరావుపేటలోనో మాచర్లలోనో ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గరికి వెళ్తే ముందు వినపడేది పొయ్యి హోరు. మాట్లాడాలంటే గొంతు పెంచాలి. మంట మూకుడు అంచులు దాటి పైకి లేస్తుంటుంది. బండి అబ్బాయి ఒక చేత్తో మూకుడు ఎగరేస్తూ, రెండో చేత్తో డబ్బాల్లోంచి ఏవో చల్లుతూ, మీరు చిల్లర వెతుక్కునేలోపు చిల్లీ చికెన్ ప్లేటులో పెట్టేస్తాడు. ముక్క పైన ఎర్రగా కాలి, లోపల మెత్తగా ఉంటుంది. క్యాప్సికం ఇంకా కరకరలాడుతుంది.

అదే కోడి, అవే సాస్‌లు, అదే కార్న్‌ఫ్లోర్ కొనుక్కొచ్చి ఇంట్లో చేస్తే నల్లటి పులుసులో తెల్లగా ఉడికిన ముక్కలు తేలతాయి. చాలామంది సాస్ బ్రాండును అనుమానిస్తారు. కొందరు "వాడేదో పొడి వేస్తాడమ్మా" అని తేల్చేస్తారు. పొడి సంగతి తరవాత చూద్దాం. అసలు తేడా నీళ్ళ దగ్గరుంది.

ముందు ఈ వంటకం పుట్టుక గురించి రెండు ముక్కలు. మన బండ్ల మీద దొరికేది చైనా వంట కాదు, చైనా పద్ధతిలో చేసిన భారతీయ వంట. కలకత్తాలో, ముఖ్యంగా టాంగ్రా ప్రాంతంలో, స్థిరపడిన హక్కా చైనీయుల వంటిళ్ళలో ఇది మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో కలిసింది. ఆ కలకత్తాలోనే పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో ముంబయి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో గరం మసాలా బదులు సోయా సాస్, కార్న్‌ఫ్లోర్ వేసి చికెన్ మంచూరియా తయారుచేశాడని చెబుతారు. మంచూరియా అనే ప్రాంతంలో మాత్రం ఆ వంటకం ఎవరికీ తెలియదు. పల్నాడుకూ చీనా పేరు కొత్త కాదు. మాచర్ల దగ్గరి నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల నాటి శాసనమొకటి, సింహళ భిక్షువులు ధర్మం బోధించిన దేశాల వరసలో కశ్మీరం, గాంధారాలతో పాటు చీన పేరునూ చెబుతుంది. అది క్రీ.శ. 3వ శతాబ్దం మాట. ఆ చీన ఇప్పటి చైనాయేనా అన్న చర్చ చరిత్రకారులకు వదిలేసి మనం పొయ్యి దగ్గరికి వద్దాం.

ఇంటి స్టవ్ మీద పెద్ద బర్నర్ పూర్తిగా తిప్పితే దాని శక్తి సుమారు 2 కిలోవాట్లు. అంటే గంటకు 160 గ్రాముల దాకా గ్యాసు మండుతుంది. అందులో మూడో వంతు గిన్నె పక్కల నుంచి పోయి వంటింటిని వేడెక్కిస్తుంది. మూకుడికి చేరేది సుమారు 1.3 కిలోవాట్లు, అంటే సెకనుకు 1,300 జౌళ్ళు. ఇప్పుడు నీళ్ళ సంగతి చూడండి. 30 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము నీటిని 100 డిగ్రీలకు తేవడానికి 300 జౌళ్ళకు కాస్త తక్కువ చాలు. మరిగే ఆ గ్రామును ఆవిరి చేయడానికి మాత్రం ఇంకో 2,257 జౌళ్ళు కావాలి. మొత్తం దాదాపు 2,550. సెకనుకు 1,300 చొప్పున ఇచ్చే స్టవ్ మీద ఒక గ్రాము నీరు ఎగిరిపోవడానికి రెండు సెకన్లు పడుతుందన్నమాట.

కోడి మాంసంలో నాలుగింట మూడు వంతులు నీరే. వేడి తగిలి కండ ముడుచుకునేటప్పుడు బరువులో అయిదో వంతు దాకా బయటికి కారుతుంది. అర కిలో ముక్కలు ఒక్కసారిగా మూకుట్లో పోస్తే 100 గ్రాముల నీరు ఊరుతుంది. అది ఆవిరి కావడానికి 200 సెకన్లు, మూడు నిమిషాల పైమాటే. మాంసాన్ని వేడి చేయడానికి అయ్యే ఖర్చు ఇందులో కలపనే లేదు. మూకుట్లో నీరు నిలిచి ఉన్నంతసేపూ ముక్కల దగ్గర వేడి 100 డిగ్రీలు దాటదు. మంట ఎంత పెంచినా ఆవిరి ఎక్కువవుతుంది తప్ప వేడి పెరగదు. మాంసం ఎర్రబడాలంటే 140 డిగ్రీలైనా ఉండాలి. కాబట్టి ఆ మూడు నాలుగు నిమిషాలూ మీరు వేపుతున్నామని అనుకుంటూ ఉడకబెడుతున్నారు. నీరు ఇగిరేసరికి ముక్క రబ్బరవుతుంది.

పెద్ద హోటళ్ళలోని చైనీస్ పొయ్యిలు 20, 30 కిలోవాట్లు కూడా ఇస్తాయి. రోడ్డు మీది బండి పొయ్యి అంత కాకపోయినా మన స్టవ్‌కు చాలా రెట్లు. ఇంటి రెగ్యులేటర్ గ్యాసును వాతావరణ పీడనం కంటే చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములే ఎక్కువగా వదులుతుంది. బండి వాడిది హై ప్రెషర్ రెగ్యులేటర్. ఆ హోరు అక్కడి నుంచే. దాన్ని తెచ్చి ఇంటి స్టవ్‌కు తగిలిద్దామని చూడకండి, ప్రాణాల మీదికి వస్తుంది. మన దగ్గరున్న మంటకు సరిపడేలా వంటను మార్చుకోవడమే దారి.

నీళ్ళతో వేగడం తెలుగు వంటింటికి కొత్త కాదు. మన కోడి వేపుడు పద్ధతి బండి వాడి పద్ధతికి సరిగ్గా ఎదురు. మనం ముక్కల్లో ఉప్పు, పసుపు వేసి మూత పెట్టి ఉన్న నీరంతా ఊరనిస్తాం. ఆ నీటిలోనే ఉడకనిచ్చి, నిదానంగా ఇగరబెట్టి, చివర నూనె తేలాక వేపుతాం. అది నాటుకోడికి పుట్టిన పద్ధతి. పల్నాడు వాళ్ళకు కోడి గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. కోడిపోరులో ఓడి మాచర్ల వారు రాజ్యం వదిలి వలస పోయారనీ, ఆ తగవు కారంపూడి యుద్ధం దాకా వెళ్ళిందనీ వీరుల కథ. పందెం కోడి కాకపోయినా, దొడ్లో ఏడాది పాటు తిరిగి, గింజలు ఏరుకుని, కుక్కను చూసి గోడెక్కిన కోడి కండలో కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి గట్టిగా ముడిపడి ఉంటాయి. అవి కరిగి జెలటిన్ కావాలంటే 70 డిగ్రీలు దాటిన తడి వేడిలో గంటసేపైనా ఉండాలి. దాన్ని రెండు నిమిషాల్లో వేపితే నమలడానికి పూట పడుతుంది. నాటుకోడిని పులుసుకే ఉంచుకోండి.

బ్రాయిలర్ కోడి బతుకంతా ఆరు వారాలు. దాని కొల్లాజెన్ ఇంకా లేతది. కరిగించాల్సింది పెద్దగా లేదు కాబట్టి సేపు పెరిగేకొద్దీ లాభం లేకపోగా నష్టం. కండలో మయోసిన్ అనే ప్రొటీన్ 50 డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలుపెడుతుంది. అక్కడికి ముక్క మెత్తగానే ఉంటుంది. 70కి చేరువయ్యే కొద్దీ ఆక్టిన్ అనే ఇంకో ప్రొటీన్ ముడుచుకుని నీటిని పిండేస్తుంది. సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు మిగలకుండా ఉండాలంటే లోపల 74 డిగ్రీలకు చేరాలి. అక్కడికి చేరిన వెంటనే దించాలి, అంతే. చైనా పద్ధతి లేత మాంసానికి పనికొచ్చేది ఇందుకే. నీరు కారే వ్యవధి ఇవ్వకుండానే పని ముగిస్తుంది.

అలా ముగియాలంటే కత్తి దగ్గరే సగం పని అయిపోవాలి. వేడి మాంసం లోపలికి పాకే సమయం మందానికి వర్గంలో పెరుగుతుంది. మందం రెండింతలైతే సమయం నాలుగింతలు. 5 మిల్లీమీటర్ల ముక్క నడి మధ్యకు వేడి చేరడానికి ముప్పావు నిమిషం చాలనుకుంటే, 3 సెంటీమీటర్ల కూర ముక్కకు ముప్పై ఆరు రెట్లు, అంటే సుమారు 27 నిమిషాలు. కొట్లో "బోన్‌లెస్" అని అడిగి తెచ్చుకున్న రొమ్ము ముక్కను అరగంట ఫ్రీజర్లో పెడితే కాస్త బిగుసుకుంటుంది, సన్నగా తెగుతుంది. పోగులు ఏ దిక్కున నడుస్తున్నాయో చూసి వాటికి అడ్డంగా కోయండి. పొడుగాటి పోగుల్ని పళ్ళతో తెంపే పని కత్తికి అప్పగించినట్లవుతుంది. నన్నడిగితే రొమ్ము కంటే తొడ మాంసం మేలు. కాస్త కొవ్వు ఉంటుంది, అర నిమిషం ఎక్కువైనా క్షమిస్తుంది.

కడగడం గురించి ఒక మాట. పచ్చి కోడిని కుళాయి కింద పెట్టి కడిగితే దాని మీది సూక్ష్మజీవులు తుంపర్లతో సింకంతా, పక్కనున్న గిన్నెలన్నిటి మీదా పరుచుకుంటాయి. వాటిని చంపేది వేడి, నీళ్ళు కాదు. అయినా ఉప్పు, పసుపు వేసి కడగందే మా ఇంట్లో ఎవరూ ముట్టరు అంటారా, ఒక గిన్నెలో నీళ్ళు పోసి మెల్లగా కడగండి. తరవాత శుభ్రమైన గుడ్డతోనో కాగితంతోనో ముక్కల్ని పొడిగా అద్దండి. ఈ అద్దడమే ముఖ్యం. పైన అంటుకున్న 20 గ్రాముల తడి, ఇందాకటి లెక్కలో 40 సెకన్లు.

ఇప్పుడు నానబెట్టడం. అర కిలో ముక్కలకు అర చెంచా ఉప్పు, ఒక చెంచా సోయా సాస్, ఒక కోడిగుడ్డు తెల్లసొన, ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్, ఒక చెంచా నూనె. కావాలంటే పావు చెంచాకు మించకుండా వంటసోడా. ఉప్పు కండలోని ప్రొటీన్లను కొంత కరిగించి, వేడి తగిలినా అవి నీటిని పట్టుకుని ఉండేలా చేస్తుంది. సోడా క్షారం. దాని వల్ల ప్రొటీన్లు ఒకదానికొకటి దగ్గరగా బిగుసుకోలేవు. పైగా క్షారంలో ఎర్రబడే చర్య వేగంగా సాగుతుంది. మోతాదు మించితే సబ్బు రుచి వస్తుంది, జాగ్రత్త. కార్న్‌ఫ్లోర్, తెల్లసొన కలిసి ముక్క చుట్టూ పల్చని పొర కడతాయి. 65, 70 డిగ్రీల మధ్య పిండి ఉబ్బి, లోపలి నుంచి కారే నీటిని మూకుట్లోకి పోనివ్వకుండా తానే పీల్చుకుంటుంది. చైనా వంటవాళ్ళు ఇలా నానిన ముక్కల్ని ముందు ఓ మాదిరిగా కాగిన నూనెలో ఒకసారి వేసి తీస్తారు. ఇంట్లో అంత అక్కర్లేదు.

నానే అరగంటా గిన్నె ఫ్రిజ్‌లోనే ఉండాలి. మే నెలలో రెంటచింతల వైపు ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో వంటింటి గట్టు మీద వదిలేస్తే ఆ వేడి సూక్ష్మజీవులకు పండగ. అనుకూలమైన వేడిలో కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి.

మూకుడు ఇనపదైతే సంతోషం. దాని గొప్పతనం వేడిని దాచుకోవడంలో ఉంది. మన చిన్న మంట సెకనుకు ఇచ్చే కూలి తక్కువ, కానీ వంటకు ముందే నాలుగైదు నిమిషాలు కూడబెట్టుకోవచ్చు. కిలోన్నర ఇనప మూకుడిని 250 డిగ్రీలకు కాచి, ముక్కలు వేశాక అది 110కి దిగిందనుకుంటే, ఆ దిగడంలో 94 కిలోజౌళ్ళకు పైగా మాంసానికి అందుతాయి. అది 37 గ్రాముల నీటిని ఎగరగొట్టడానికి సరిపోతుంది. ఇక్కడే ఉంది ఇంటి వంటకు కిటుకు. 37 గ్రాముల నీరు ఎంత మాంసం నుంచి ఊరుతుంది? దాదాపు 180 గ్రాముల నుంచి. అందుకే అర కిలోను మూడు వాయిలుగా వేపాలి. ఒక్కో వాయిలో కారే నీటిని మూకుడు దాచుకున్న వేడే చూసుకుంటుంది, పొయ్యి మంట ముక్కల్ని ఎర్రబరుస్తుంది. వాయికీ వాయికీ మధ్య మూకుడు మళ్ళీ కాగనివ్వాలి. ఓపిక లేక మూడు వాయిలూ ఒకేసారి వేస్తే మళ్ళీ పులుసే. పల్చటి అల్యూమినియం మూకుడు ఇంత వేడి దాచుకోలేదు. నాన్‌స్టిక్ అయితే ఖాళీగా ఇంతసేపు కాచడమే తప్పు. 260 డిగ్రీలు దాటితే దాని పూత చెడటం మొదలవుతుంది.

మూకుడు కాగిందో లేదో ఎలా తెలుసుకోవాలి? నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించండి. చుయ్యిమని ఆవిరైపోతే ఇంకా కాగాలి. చుక్కలు ఆవిరి కాకుండా గుండ్రంగా గోళీల్లా అటూ ఇటూ పరుగులు తీస్తే 200 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నట్లు. చుక్క అడుగున క్షణంలో పుట్టిన ఆవిరి పొర దాన్ని ఇనుముకు తగలకుండా ఎత్తి పట్టుకుంటుంది. జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో రాసిన విషయమిది, ఆయన పేరుతోనే పిలుస్తారు. దోసె పెనం మీద నీళ్ళు చల్లి చూసే వాళ్ళకు ఆయన పేరు తెలియనక్కర్లేదు. నీటి చుక్కలు పోయాకే నూనె పోయాలి. రిఫైండ్ వేరుసెనగ నూనె 230 డిగ్రీల దాకా పొగరాదు. గానుగ నూనె రుచి బాగుంటుంది గానీ అంత వేడికి ఆగదు, ముందే పొగచూరుతుంది.

ముక్కలు వేశాక బండి అబ్బాయిని అనుకరించకండి. అమెరికాలోని జార్జియా టెక్‌లో హంగ్‌టాంగ్ కో, డేవిడ్ హు అనే పరిశోధకులు ఫ్రైడ్ రైస్ వంటవాళ్ళ కదలికల్ని వీడియోల్లో కొలిచి 2020లో ప్రచురించారు. వాళ్ళు మూకుడిని సెకనుకు దాదాపు మూడుసార్లు ఊపుతారు. అడుగున మాడిపోకుండా మెతుకుల్ని గాలిలోకి ఎగరేయడం కోసం ఆ తిప్పలు. అంత మంట ఉన్నవాడికి ఎగరేయడం అవసరం. మన మంటకు అది శత్రువు. గాలిలో ఉన్నంతసేపూ ముక్క చల్లారుతుంది. ముక్కల్ని ఒక వరసగా పరిచి, 40 సెకన్లు గరిటె పెట్టకుండా వదిలేయండి. అడుగు ఎర్రబడ్డాక అట్లకాడతో తిప్పి ఇంకో 40 సెకన్లు. తీసి పళ్ళెంలో పెట్టి రెండో వాయికి వెళ్ళండి.

ఆ ఎర్రదనం పేరు మెయిలార్డ్ చర్య. ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమిల్ మెయిలార్డ్ 1912లో దీన్ని వివరించాడు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడిలో కలిసి వందలాది కొత్త పదార్థాలవుతాయి. వేగిన కోడి వాసన, కాల్చిన రొట్టె వాసన, కాఫీ గింజల వాసన అన్నీ ఈ ఇంటివే. సోయా సాస్‌లో చక్కెరలూ అమైనో ఆమ్లాలూ రెండూ ముందే ఉన్నాయి. అందుకే చివర్లో దాన్ని ముక్కల మీద పోయకుండా కాగిన మూకుడు అంచుల వెంట తిప్పి పోస్తారు. కిందికి జారేలోపే కొంత వేగి వాసన పుట్టిస్తుంది.

మూడు వాయిలూ అయ్యాక అదే మూకుట్లో ఇంకాస్త నూనె, మంట కొంచెం తగ్గించి ఎండు మిరపకాయలు. మిరపకాయ గురించి గుంటూరు, పల్నాడు జనానికి చెప్పబోవడం సాహసమే గానీ రెండు మాటలు చెప్పాలి. అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కిన ఈ కాయ మన దగ్గరికీ చైనాకూ చేరి అయిదు వందల ఏళ్ళకు అటూ ఇటుగానే అయింది. ఇప్పుడు గుంటూరు యార్డులో కొన్న తేజ రకం కాయ చైనాకే ఎగుమతి అవుతోంది. మిరపలోని ఘాటు క్యాప్సైసిన్, రంగు క్యాప్సాంథిన్, రెండూ నీటిలో కరగవు, నూనెలో కరుగుతాయి. అందుకే మిరపకాయ ముందు నూనెలో పడాలి. మాడితే మాత్రం ఇల్లంతా దగ్గే. క్యాప్సైసిన్ మన నరాల మీద ఏ గ్రాహకాన్ని తాకుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినా మేల్కొనేది అదే గ్రాహకం. కారం తిన్నప్పుడు నోరు మండిందనడం ఉత్త అలంకారం కాదన్నమాట. ఈ పనికే జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది.

వెల్లుల్లి తరుగు, అల్లం తరుగు పది సెకన్లకు మించి వేగనివ్వకండి. వెంటనే ఉల్లిపాయ రెబ్బలు, క్యాప్సికం ముక్కలు, బీన్స్ ఉంటే బీన్స్. కూరగాయ కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ 85 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. నిమిషంలోపు తీసేస్తే పైన సెగ తగిలి లోపల కరకర మిగులుతుంది. ఇక్కడా అదే సూత్రం, తడిగా కడిగిన ముక్కలు వేయకూడదు.

సాస్ ముందే గిన్నెలో కలిపి ఉంచుకోండి. రెండు పెద్ద చెంచాల సోయా, ఒక చెంచా చక్కెర, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, నాలుగు పెద్ద చెంచాల నీళ్ళు. పోసే ముందు మళ్ళీ ఒకసారి కలపాలి, పిండి అడుక్కి దిగి ఉంటుంది. వేపిన ముక్కలు మూకుట్లోకి తిరిగి వేసి, సాస్ పోసి కలుపుతుంటే పిండి రేణువులు ఉబ్బి నిమిషంలోపే సాస్ చిక్కబడి మెరుస్తుంది. మెరిసిన క్షణమే కట్టేయండి. వెనిగర్ ఒక చెంచా ఆ తరవాతే. ఆమ్లంతో కలిపి మరిగిస్తే పిండి గొలుసులు తెగి సాస్ మళ్ళీ పల్చబడుతుంది.

ఇక బండి వాడి పొడి. అజినొమోటో అని అందరూ పిలిచేది మోనోసోడియం గ్లూటమేట్. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయనవేత్త సముద్రపు నాచుతో కాచిన చారులోంచి గ్లూటమేట్‌ను వేరుచేశాడు. మరుసటి ఏడాదే అది అంగట్లోకి వచ్చింది. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఒక్క ఉత్తరంతో దానికి చెడ్డ పేరు మొదలైంది. ఆ తరవాత, తినేవాళ్ళకూ పెట్టేవాళ్ళకూ ఏది ఏదో తెలియకుండా చేసిన పరీక్షల్లో, వంటలో వేసే మోతాదుకు ఆ ఆరోపణలు నిలకడగా రుజువు కాలేదు. పండిన టమాటాలో ఉన్న గ్లూటమేట్‌కూ డబ్బాలోని గ్లూటమేట్‌కూ నాలుక తేడా చూడదు. సోయా సాస్‌లో అది పులియడం వల్ల సహజంగానే పుష్కలం. కాబట్టి ఈ వంటకంలో విడిగా వేయాల్సిన అవసరమే లేదు. నేను భయపడేది దాని గురించి కాదు, సోయా సాస్‌లోని ఉప్పు గురించి. రక్తపోటు ఉన్నవాళ్ళు నానబెట్టేటప్పుడు వేసే అర చెంచా ఉప్పును సగం చేసుకోవాలి.

దించాక ఉల్లికాడలు చల్లి వెంటనే వడ్డించండి. మూత మాత్రం పెట్టకండి. ముక్కలోంచి లేచే ఆవిరి మూతకు తగిలి నీరై మళ్ళీ ముక్కల మీదే పడుతుంది, పిండి పొర నాని జావవుతుంది. పిల్లల డబ్బాలో పెట్టాలనుకుంటే వెడల్పు పళ్ళెంలో పరిచి ఆవిరి పోనిచ్చి, గోరువెచ్చగా అయ్యాక సర్దాలి. మిగిలింది రాత్రికి దాచాలంటే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చి, తినేటప్పుడు మళ్ళీ బాగా కాగిన మూకుట్లో కొంచెం కొంచెంగా వేడి చేసుకోవాలి.